ఆకాశం నుంచి తీసిన పాత ఫోటోలు – వాటి భద్రత

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం కావాలని కార్యదర్శిగారు అడిగారు. రాజుల గురించి, కోటల గురించి రాయగలవారు మన సభ్యుల్లో చాలామంది ఉన్నారు. నేను గుమాస్తాను గనుక రికార్డుల సంగతే రాస్తున్నాను.

మా మొగుడంపల్లి 2016లో మండల కేంద్రమైంది. అంతకుముందు జహీరాబాదు మండలంలో ఒక గ్రామం. భూమి తగాదా వస్తే ఇక్కడ అందరూ 1954-55 ఖాస్రా పహాణీ కోసం, టిప్పను కోసం, గ్రామ నక్షా కోసం తిరుగుతారు. వాటిలో పేర్లు, కొలతలు ఉంటాయి. కాని చెరువు నీళ్లు ఎంతమేర నిలిచేవి, బండ్ల బాట ఎటు పోయేది అన్నది విమానం నుంచి తీసిన ఫోటో చూపినంత స్పష్టంగా ఏ పహాణీ చూపదు.

1858లో నాడార్ అనే ఫ్రెంచి ఫోటోగ్రాఫరు బెలూను ఎక్కి తీసినదే ఈ విద్యకు మొదలు అంటారు. మన దేశంలో సర్వే ఆఫ్ ఇండియా ఇటువంటి ఫోటోల ఆధారంగానే ఎన్నో పటాలు తయారుచేసింది. హైదరాబాదులో 1974లో ఏర్పడిన ఎన్.ఆర్.ఎస్.ఏ. కూడా విమాన సర్వేలు చేసింది. 2008 నుంచి అది ఇస్రోలో భాగమై ఎన్.ఆర్.ఎస్.సి. అయింది. ఫోటో సుమారు 23 సెంటీమీటర్ల చదరం. ఒక్కొక్క ఫోటో దాని ముందుదానిని 60 శాతం కప్పేటట్టు తీస్తారు. ఆ జతను స్టీరియోస్కోపు కింద పెట్టి చూస్తే గుట్టలు, చెరువు కట్టలు లేచి నిలబడినట్టు కనబడతాయి.

ఉపగ్రహ చిత్రాలు ఉన్నాయి కదా, ఈ పాత ఫిల్ములెందుకని మన పిల్లలు అడుగుతారు. 1988లో పంపిన మన ఐ.ఆర్.ఎస్.-1ఎ లోని మెరుగైన కెమెరాకు కూడా ఒక చుక్క అంటే నేలమీద 36 మీటర్లు. ఊరి చెరువు కట్ట అందులో ఎక్కడ ఆనుతుంది?

ఫిల్ముకు వేడి, తేమ పడవు. పాత ఎసిటేటు ఫిల్ము చెడిపోతే వెనిగరు వాసన వేసి ముడుచుకుపోతుంది. ముడుచుకుంటే కొలతకు పనికిరాదు. అందుకే ఆ స్థితి రాకముందే స్కాను చేయాలి. ఆఫీసుల్లో వాడే స్కానరు చాలదు. దీనికి ప్రత్యేకమైన యంత్రం కావాలి, ఫోటో అంచుల్లోని గుర్తులతో సహా రావాలి. ఎక్కిన ఎత్తు, తేదీ, వరుస నంబరు కూడా ఎక్కించాలి. నా సర్వీసులో ఒక కార్యాలయంలో పాత నక్షాల కట్టలు కొన్ని చెదలు తిన్నాయి. మిగిలినవి చెక్కుచెదరలేదు గాని రిజిస్టరు పోయినందువల్ల ఎవరికీ అక్కరకు రాలేదు. రెండూ ఒకటే నష్టం.

స్కాట్లండు రాజధాని ఎడిన్‌బరోలోని భండారంలో ఇటువంటి చిత్రాలు కోట్ల సంఖ్యలో ఉన్నాయి, వాటిని స్కాను చేస్తున్నారు. అమెరికా 1960 నుంచి 1972 దాకా గూఢచారి ఉపగ్రహాలతో తీసిన ఎనిమిది లక్షలకు పైగా చిత్రాలను 1995లో బహిరంగం చేసింది. మన దేశంలో విమాన ఫోటోలు చాలాకాలం రక్షణ శాఖ అనుమతి లేనిదే బయటికి రాలేదు. 2021 ఫిబ్రవరిలో కేంద్రం పటాల నిబంధనలను బాగా సడలించింది. దేశభద్రతను నేను కాదనను. కాని యాభై ఏళ్లనాటి చెరువు బొమ్మ చూపడానికి జంకు ఎందుకు?

స్కాను అయ్యాక అసలు ఫిల్మును వదిలించుకోవచ్చుననే వాదన నాకు నచ్చదు. మన కళ్లముందే ఫ్లాపీలు వచ్చి పోయాయి, ఈరోజు వాటిని చదివే యంత్రం కావాలంటే వెతుక్కోవాలి. ఫిల్ము మాత్రం దీపం వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఇప్పటికీ కనబడుతుంది.