డబుల్స్ చరిత్ర సాత్విక్‌తో మొదలు కాలేదు

మా అయిజలో షటిల్ అంటే డబుల్సే. పొద్దు వాలాక నేల తడిపి, సున్నంతో గీతలు గీసి, రెండు కర్రలకు నెట్టు కడితే చాలు, వంతు కోసం గట్టు మీద పదిమంది కూర్చుంటారు. ఉన్నది ఒక్కటే కోర్టు. నలుగురు ఆడతారు, ఓడిన జంట దిగుతుంది. మా నడిగడ్డ ప్రాంతంలోనే కాదు, తెలుగునాట చాలా ఊళ్లలో ఇదే వరస. అయినా మన బ్యాడ్మింటన్ చరిత్ర పేరుతో చదివేదంతా సింగిల్స్ చరిత్రే.

ఆ కథ అందరికీ తెలుసు: 2001లో గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలుపు, తర్వాత ఆయన అకాడమీ, సైనా, సింధు. డబుల్స్ మాటొస్తే అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ దగ్గర మొదలుపెడతారు, అంతకు ముందు ఏమీ లేనట్టు. సంవత్సరాలు వరసగా పెట్టి చూస్తే ఈ కథ నిలవదు. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో సింధు తొలి పతకం 2013లో, సైనాది 2015లో. వాళ్లిద్దరికంటే ముందే, 2011లో, గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప లండన్‌లో కాంస్యం గెలిచారు. 1983లో ప్రకాశ్ పదుకొనె తర్వాత ఆ పోటీల్లో మనకు దక్కిన రెండో పతకం అదే.

జ్వాల హైదరాబాద్‌లో ఎస్.ఎం. ఆరిఫ్ శిష్యురాలు, ఎడమచేతి వాటం. అశ్వినిది కుడిచేయి. ఒకరిది ఎడమ, ఒకరిది కుడి అయితే ఎదుటివాళ్లకు బ్యాక్‌హ్యాండ్ వైపు ఎటో చప్పున తేలదు. జ్వాల 2009లోనే సహ ఆటగాడు డిజుతో కలిసి మిక్స్‌డ్‌లో సూపర్ సిరీస్ మాస్టర్స్ ఫైనల్ దాకా వెళ్లింది. 2010 ఢిల్లీ కామన్వెల్త్‌లో అశ్వినితో స్వర్ణం గెలిచింది.

2012 లండన్ ఒలింపిక్స్ దగ్గర కాసేపు ఆగాలి. జ్వాల జంట తొలి మ్యాచ్‌లో జపాన్‌కు చెందిన మిజుకి ఫుజీ, రైకా కాకీవా చేతిలో ఓడింది. తైపీ జంటను 25-23, 16-21, 21-18తో, తర్వాత సింగపూర్ జంటను ఓడించింది. గ్రూపులో మూడు జంటలకు రెండేసి గెలుపులు. లెక్క పాయింట్ల తేడా దాకా వచ్చింది, ఒక్క పాయింటుతో మనవాళ్లు బయటికొచ్చారు. జపాన్ జంట తైపీ మీద రెండు గేముల్లో ఓడిన తీరుపై భారత్ ఫిర్యాదు చేసింది, అది నిలవలేదు. కావాలని ఓడారని నేను అనను, దానికి రుజువు లేదు. ఆ జపాన్ జంటే చివరికి రజతం గెలిచింది. బ్యాడ్మింటన్‌లో ఆ దేశానికి అదే తొలి ఒలింపిక్ పతకం.

ఆ ఒక్క పాయింటు ఓటమిని దురదృష్టం అని వదిలేయడం నాకు ఒప్పుదల కాదు. జపాన్ 2004లోనే కొరియాకు చెందిన పార్క్ జూ-బాంగ్‌ను జట్టు ప్రధాన కోచ్‌గా పెట్టుకుంది. ఆయన 1992లో డబుల్స్ స్వర్ణం గెలిచినవాడు. ఇక్కడ 2013లో కొత్తగా పెట్టిన లీగ్‌లో మహిళల డబుల్సే ఎత్తేసి, జ్వాల, అశ్వినిల కనీస ధర సగానికి కోశారు. జ్వాల నోరు విప్పి అడిగింది. మనకు గుర్తున్నది ఆ వివాదాలే, ఆమె అడిగిన మాట కాదు.

సాత్విక్ 2014లో గోపీచంద్ అకాడమీలో చేరాడు, ఆ సంస్థ పాత్రను కాదనలేం. కానీ వెనక నుంచి బలంగా కొట్టే సాత్విక్‌నూ చిరాగ్ శెట్టినీ, వాళ్లకు మొదట ఇష్టం లేకున్నా, కలిపింది మలేషియా కోచ్ టాన్ కిమ్ హెర్. టోక్యో ఒలింపిక్స్‌లో వీళ్లదీ జ్వాల గతే. గ్రూపులో రెండు గెలిచీ బయటికొచ్చారు, వీళ్లు ఓడించిన తైపీ జంటే స్వర్ణం గెలిచింది. తర్వాత 2022 థామస్ కప్, 2023 ఆసియా క్రీడల స్వర్ణం, ప్రపంచ నంబర్ వన్. ఇంతకంటే గొప్ప డబుల్స్ ఆట మన దేశం చూడలేదు.

కానీ మహిళల వైపు చూస్తే గుండె కలుక్కుమంటుంది. జపాన్ 2012లో రజతం, 2016లో స్వర్ణం, 2024లో కాంస్యం గెలిచింది, ప్రతిసారీ వేరే జంటతో. మన అశ్విని మాత్రం 34 ఏళ్ల వయసులో తనీషా క్రాస్టోతో పారిస్‌లో దిగి, మూడు మ్యాచ్‌లూ ఓడి, ఇదే నా చివరి ఒలింపిక్స్ అని ఏడ్చింది. 2011 పతకం తర్వాతి పదమూడేళ్లలో ఆమె స్థానానికి మరొకరిని తయారు చేసుకోలేకపోయాం.

సింగిల్స్ ఛాంపియన్ గోపీచంద్ కూతురు గాయత్రి డబుల్స్‌లో స్థిరపడటం నాకు నిజంగా సంతోషం. ట్రీసా జాలీతో కలిసి 2022లో, 2023లో ఆల్ ఇంగ్లండ్ సెమీస్ ఆడింది. ఆ జంట వెనక వరసలో ఉన్న జంట ఏది అని గట్టు మీద కుర్రాడు ఒకడు అడిగితే, నాకు చప్పున పేరు తోచలేదు.