తంజావూరిలో రెండు దినములు

ఉగాది పచ్చడి తిని పంచాంగము విన్న తరువాత మన ఇండ్లలో పుట్టు మొదటి ప్రశ్న ఒకటే: "ఈ సెలవులకు పిల్లలను ఎక్కడికి తీసికొని పోదాము?" చేతిలో ఉన్నది రెండు దినముల సెలవు. సంచిలో ఉన్నది గుమాస్తా జీతములో మిగిలిన డబ్బు. దూర ప్రయాణము కుదరదు. పోయిన ఏడు మా ఇంటిలో ఈ చర్చ జరిగినప్పుడు మా అమ్మ, "తంజావూరు పోదాము రా నాయనా, పక్కనే ఉండి చూడలేదంటే నలుగురు నవ్వుతారు" అన్నది. తిరుచ్చిలో పుట్టి పెరిగిన మేము అంతవరకు తంజావూరు స్టేషనును రైలు కిటికీలో నుండి మాత్రమే చూచినాము.

మేము పండితులము కాము. చదువు మెట్రిక్యులేషనుతో ఆగినది. చూచి వచ్చినదానిని పెద్దల పుస్తకములతో సరిచూచుకొని, మన సంఘ కుటుంబములకు పనికివచ్చునని వ్రాయుచున్నాము.

ముందుగా మా శాఖ మాట. నాగపట్టణము నుండి తంజావూరు మీదుగా తిరుచ్చికి ఇనుపదారి 1862 నాటికే పూర్తి అయినది. దక్షిణ దేశపు పాత దారులలో అది ఒకటి. తిరుచ్చి నుండి తంజావూరు యాభై కిలోమీటర్లు. తెల్లవారు బండి ఎక్కవలెను. ఏలయన, మధ్యాహ్నము గుడి తలుపులు మూసి, సాయంత్రము గాని తెరువరు. ఎండకు నేల కాలి పిల్లలు అడుగు వేయలేరు. కనుక మొదటి ఉదయము పెద్దగుడికి, మధ్యాహ్నము భోజనమునకు, తరువాత కోటకు, రెండవ దినము తిరువయ్యారునకు అని లెక్క వేసికొన్నాము.

పెద్దగుడిని రాజరాజ చోళుడు కట్టించి 1010లో పూర్తిచేసినాడు. విమానము ఎత్తు సుమారు 216 అడుగులు. మెడ నొప్పి పుట్టువరకు చూచినను తనివి తీరదు. లోపల ప్రదక్షిణ మార్గములోని గోడలపై నాయకరాజుల నాటి బొమ్మల క్రింద చోళుల నాటి చిత్రములు దాగియున్న సంగతి 1931లో బయటపడినది. ఎదుట నున్న పెద్ద నంది కూడ నాయకరాజుల కాలపుదే. కట్టినవారు చోళులు, మెరుగులు దిద్దినవారు తెలుగు నాయకులు, గోడపై తమ వంశ చరిత్రను చెక్కించినవారు మరాఠా రాజులు. మూడు భాషలవారు ఒకే గుడిని తమదనుకొన్నారు.

ఈ గుడి కట్టిన రాజునకు మన ఆదికవికి గల చుట్టరికము మన పిల్లలకు చెప్పవలసినది. రాజరాజు తన కుమార్తె కుందవను వేంగి చాళుక్యుడైన విమలాదిత్యునకు ఇచ్చినాడు. వారి కుమారుడే రాజమహేంద్రవరమేలిన రాజరాజనరేంద్రుడు. తాత పేరు మనుమనికి పెట్టుట మన ఇండ్లలో నేటికిని ఉన్నది కదా! నన్నయభట్టు చేత మహాభారతమును తెలిగించుటకు పూనుకొన్నవాడు ఈ మనుమడే. ఈ నరేంద్రుని కుమారుడు 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడైనాడు. కావేరికి గోదావరికి వియ్యము ఈనాటిది కాదు.

గుడి నుండి వచ్చి అరటాకు ముందు కూర్చున్నాము. సాంబారు, రసము, కూటు, పొరియలు, అప్పళము, పాయసము, చివర మజ్జిగ. సాంబారు మరాఠా రాజుల వంటశాలలో పుట్టినదని, శంభాజీ పేరే దానికి వచ్చినదని ఈ ప్రాంతమువారు కథ చెప్పుదురు. కథను కథగా విని రెండవ మారు పోయించుకొన్నాము. మా అమ్మ మాత్రము ఇంటినుండి తెచ్చిన గోంగూర పచ్చడి సీసా నిదానముగా బయటకు తీసినది. ఈ ఊరి భోజనము మీద తెలుగులో ఒక నాటకమే ఉన్నది. విజయరాఘవ నాయకుని కాలములో పురుషోత్తమ దీక్షితుడు వ్రాసిన తంజాపురాన్నదాన మహానాటకము అది. సత్రపు భోజనమునకు ఎగబడు జనమును చూచి నవ్వుకొనుచు వ్రాసినది. అన్నము పెట్టుట రాజధర్మమని ఎంచిన ఊరు గనుకనే అట్టి నాటకము పుట్టినది.

కాఫీ త్రాగి కోటకు పోయినాము. విజయనగర రాజుల తరఫున సుమారు 1532లో సేవప్ప నాయకుడు ఇచ్చట పాలనకు వచ్చినాడు. అతని తరువాత అచ్యుతప్ప, రఘునాథుడు, విజయరాఘవుడు. రఘునాథుడు తానే తెలుగు కవి. చేమకూర వెంకటకవి విజయవిలాసమును అంకితము పొందినవాడు. విజయరాఘవుని కొలువులో రంగాజమ్మ మన్నారుదాస విలాసమును రచించినది. మువ్వ గోపాలుని పదములు పాడిన క్షేత్రయ్య ఈ కొలువునకు వచ్చినాడు. 1673లో మదుర నాయకునితో యుద్ధములో విజయరాఘవుడు కూలినాడు. ఆ రాజ్యము అంతటితో ముగిసినది.

రాజ్యము పోయిన తరువాత తెలుగు ఏమైనదన్నదే అసలు ప్రశ్న. తరువాత వచ్చినవారు భోసలే వంశపు మరాఠాలు. ఇంటిలో వారి మాట మరాఠీ, ఊరిలో ప్రజల మాట తమిళము. తెలుగును విడిచిపెట్టినను అడుగువారు లేరు. అయినను విడువలేదు. 1684 నుండి 1712 వరకు ఏలిన శాహజీ స్వయముగా తెలుగు యక్షగానములు వ్రాసినాడు. ప్రతాపసింహుని కాలములో ముద్దుపళని రాధికా సాంత్వనమును రచించినది. 1798 నుండి 1832 వరకు ఏలిన రెండవ శరభోజి, నాయకుల నాటి సరస్వతీ భండారమును పెంచి, కాశీయాత్రకు పోయినప్పుడు కూడ గ్రంథములు సేకరించి తెచ్చినాడు. నేడు సరస్వతీ మహలు గ్రంథాలయమని పిలువబడునది అదే. దానిని 1918లో ప్రజలకు తెరచినారు. అందులో తెలుగు వ్రాతప్రతులు 800కు పైగా ఉన్నవి.

ఆ గ్రంథాలయము అచ్చువేసిన పుస్తకములను అక్కడనే అమ్ముదురు. మా పెద్దమ్మాయి ఎనిమిదవ తరగతి. బల్లమీది పుస్తకమొకటి తీసి తిప్పి తిప్పి చూచి, "నాయనా, ఇది కన్నడమా?" అని అడిగినది. అది తెలుగు పుస్తకము. అమ్మాయి దానిని తలక్రిందులుగా పట్టుకొని ఉన్నది. అమ్మునట్టి ఆయన తమిళుడు. ఆయనే లేచి పుస్తకమును సరిగా త్రిప్పి ఇచ్చి, "తెలుంగు అమ్మా" అని చిరునవ్వు నవ్వినాడు. మాకు మాట రాలేదు. మా అమ్మ ముఖము చూడలేకపోయినాము. తప్పు బిడ్డది కాదు. మాకు అక్షరములు దిద్దించినది మా అమ్మే. మేము మా బిడ్డకు దిద్దించలేదు. రాత్రి డ్యూటీ అని, పరీక్షలని, తరువాత చూతమని ఎనిమిదేండ్లు గడిపినాము.

ఆ రాత్రి వసతి గదిలో అమ్మాయి నిద్రపోయినది గాని మాకు నిద్ర పట్టలేదు. మరునాడు పదమూడు కిలోమీటర్ల దూరములోని తిరువయ్యారునకు బస్సులో పోయినాము. కాకర్ల వారి ఇంట 1767లో తిరువారూరులో పుట్టిన త్యాగరాజస్వామి ఇచ్చటనే జీవించి 1847లో సిద్ధిపొందినారు. కావేరి ఒడ్డున సమాధి. ఆ సమాధికి గుడి కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మ. తన నగలు, ఆస్తి దానికే ధారపోసినది. ముద్దుపళని కావ్యమును 1910లో అచ్చువేయించినది కూడ ఆమెయే. ఆంగ్ల ప్రభుత్వము దానిని నిషేధించినను ఆమె వెనుకకు తగ్గలేదు. 1952లో ఆమె కన్నుమూసినది. స్వామి సమాధికి ఎదుటనే ఆమె సమాధి ఉన్నది.

మేము పోయిన వేళ అక్కడ జనము లేరు. ఒక ముసలాయన, తమిళుడు, కన్నులు మూసికొని త్యాగయ్యగారి కీర్తన పాడుకొనుచున్నాడు. చేతిలో చిన్న పుస్తకము. తెలుగు సాహిత్యము తమిళ లిపిలో ఉన్నది. అర్థము తెలియునా అని మా అమ్మ అడిగినది. "గురువు చెప్పినాడమ్మా, ఒక్కొక్క మాటకు అర్థము వ్రాసుకొన్నాను" అని తమిళములో బదులు చెప్పినాడు. ఏటేట పుష్య బహుళ పంచమినాడు ఇచ్చట పంచరత్నములు కలిసి పాడు వారిలో ఎక్కువమందిది ఇట్టి శ్రద్ధయే.

వైశాఖములో పోవువారు మెలట్టూరు కూడ చూడవలెను. అచ్యుతప్ప నాయకుడు తెలుగు బ్రాహ్మణ కుటుంబములకు ఇచ్చిన ఊరది. మెలట్టూరు వెంకటరామశాస్త్రి తెలుగులో వ్రాసిన ప్రహ్లాద చరిత్రము మొదలగు భాగవత మేళ నాటకములను నరసింహ జయంతి వేళ నేటికిని ఆడుచున్నారు. స్త్రీ పాత్రలు కూడ పురుషులే ధరింతురు. తమిళ దేశపు పల్లెలో రాత్రి పొద్దుపోవువరకు తెలుగు వినబడును.

తిరుగు బండిలో ఇవన్నియు తలచుకొన్నాము. తంజావూరిలో తెలుగును నిలిపినది రాజ్యము కాదు. రాజ్యము 1673లోనే పోయినది. ఇంటి భాష మరాఠీ అయిన రాజు, ఇంటి భాష తమిళమైన గాయకుడు కోరి నేర్చుకొన్నందున అది నిలిచినది. పుట్టుకతో వచ్చిన మనమే నేర్పకపోతిమి. తమిళము మనకు అన్నము పెట్టు భాష. దానిని మన పిల్లలు బాగుగా చదువవలెను. దానితోపాటు అవ్వ మాటలాడు భాషను చదువుటకు రోజుకు ఒక అరగంట చాలును.

అమ్మాయికి ఆ బండిలోనే పాత చీటీ వెనుక అ ఆ లు వ్రాసి ఇచ్చినాము. ఇప్పుడు గుణింతములు వచ్చినవి. ఒత్తులు ఇంకను తడబడుచున్నవి. ఆనాడు కొన్న పుస్తకము అలమరలో ఎదురుచూచుచున్నది.

సోదర సోదరీమణులారా, ఈ సెలవులలో తంజావూరు పోయి రండు. పోవుటకు టిక్కెట్టు కొనుటకు ముందు ఒక పలక కొనుడు. నెల దినములు అక్షరములు దిద్దించి, అప్పుడు పిల్లలను సరస్వతీ మహలు ముందు నిలబెట్టుడు. మాకు కలిగిన సిగ్గు మీకు కలుగకుండుగాక! అందరికిని ఉగాది శుభాకాంక్షలు.