జమ్ము కలుపెప్పుడయింది?

మా ముదినేపల్లి వైపు మురుగుకాలువల మాట వచ్చినప్పుడెల్లా నింద గుర్రపుడెక్క మీదికే పోతుంది. అది దక్షిణ అమెరికా నుండి వచ్చిన పరాయి మొక్క, తిట్టడం సులువు. దాని వెనుక గట్టునంటి నిలువెత్తున నిలిచిన జమ్మును మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అనరు. అది మనదే గదా!

మౌసలపర్వంలో యాదవులు ఒకరినొకరు మోదుకొని నశించినది ఏరక అనే గడ్డితో. అది జమ్మేనని చెప్పినవారున్నారు. మనవాళ్లు కథ చెప్పేటప్పుడు తుంగ అనేస్తారు. తుంగది మూడంచుల కాడ. జమ్ముది కత్తివంటి పొడవాటి ఆకు, నడుమ గోధుమరంగు కండె. ఆ కండె విచ్చితే లక్షకు పైగా గింజలు దూదితో ఎగిరిపోతాయి.

ఆనకట్టకు పూర్వం వేసవిలో మడుగులు ఎండేవి. జమ్ము కొల్లేటి అంచులలో, లోతట్టు గుంటలలో తన హద్దున తానుండేది. కాటన్ దొర పూనికతో, కెప్టెన్ ఆర్ పర్యవేక్షణలో 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయింది. పంటకాలువ వెళ్లిన చోటికి మురుగుకాలువా కావలసివచ్చింది. లోతు తక్కువ నీరు, మందపు పారుదల, అడుగున మెత్తని ఒండ్రు. జమ్ముకు ఇంతకన్న ఏం కావాలి?

అయినా అప్పుడది కలుపు కాలేదు. కొడవలి దాని వెన్నంటే ఉండేది. కప్పుకు, చాపకు, దడికి కోసుకుపోయేవారు. కోతలోనూ ఒక కిటుకున్నది. బురదలోని దుంపకు గాలి ఆకుల గుండానే అందాలి. నీటిమట్టానికి దిగువన కోస్తే మోడు మునిగి దుంప కుళ్లుతుంది. పైన కోస్తే మళ్లీ చిగురిస్తుంది. ఇప్పుడు గుత్తకు కోయించేవారిలో ఎందరికి ఇది పడుతుందో!

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమ గుడిసెలను ఊడ్చుకుపోయింది. ఆపైన పక్కా ఇళ్లు వచ్చాయి. రావలసినవే, జమ్ము కప్పు కింద బ్రతకమని ఎవరినీ అనలేము. కాని జమ్ముకు కొడవలి భయం తీరింది. 1980ల నుండి కొల్లేటి చుట్టుపట్ల వరిచేలు చేపలచెరువులయ్యాయి. మేత, ఎరువు కలిసిన చెరువునీరు మురుగుకాలువలో పడి దానికి బలం చేకూర్చింది.

కార్తీకంలో, వరి కోతకొచ్చిన వేళ తుపాను పట్టిందంటే, ఉప్పుటేటి దారి పట్టవలసిన నీటిని ఈ జమ్మే ఆపుతుంది. పండిన వెన్ను చేలోనే మొలకెత్తుతుంది.

కొల్లేటి సంగతి వేరు. అక్కడ ఇదే జమ్ము చాటున నీటికోళ్లు గూళ్లు కడతాయి. అక్కడ దీనిని కలుపంటే నేనొప్పుకోను.