ట్రాములు తిరిగిన చెన్నపట్నం



చిత్తూరు, నెల్లూరు, తిరుత్తణి ప్రాంతాల పెద్దవాళ్ళను అడిగి చూడండి. “పట్నం వెళ్ళొచ్చాను” అంటే ఏ పట్నమని ఒకప్పుడు ఎవరూ అడిగేవారు కారు. పట్నమంటే చెన్నపట్నమే. 1639లో ఈస్టిండియా కంపెనీ వారికి ఆ తీరభూమి దక్కేటట్లు చేసిన దామెర్ల సోదరుల తండ్రి చెన్నప్ప నాయకుడు. ఆయన పేరు మీదనే ఊరికి ఆ పేరు వచ్చిందని చాలామంది చరిత్రకారులు చెబుతారు.

ఆ పట్నంలో 1895లో విద్యుత్ ట్రాములు మొదలయ్యాయి. మన దేశంలో అవే మొదటివి. గుమాస్తాలు, విద్యార్థులు, కోర్టు పని మీద వచ్చిన రైతులు అందరూ వాటిలోనే ప్రయాణం చేసేవారు. జార్జిటౌనులో దిగితే కొత్వాల్ చావడి కూరగాయల అంగడి, తెలుగు శెట్ల దుకాణాలు, కన్యకాపరమేశ్వరి దేవస్థానం కనిపించేవి. పాత పుస్తకాలు కావాలంటే సెంట్రల్ స్టేషను పక్కన మూర్ మార్కెట్టుకు వెళ్ళేవారు.

పుస్తకాలంటే గుర్తుకు వస్తోంది. మన తాతల చేతుల్లోని భారత భాగవతాలు ఎన్నో 1854లో మొదలైన వావిళ్ళ వారి ముద్రణాలయం నుంచి వచ్చినవే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1914లో ఆంధ్రపత్రికను దినపత్రికగా ప్రారంభించింది ఆ నగరంలోనే. 1947లో చందమామ పుట్టింది కూడా అక్కడే. ఇక రేడియో సంగతి. మదరాసు ఆకాశవాణి 1938 జూన్ 16న మొదలైంది. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం వచ్చేదాకా కోస్తా, రాయలసీమ ఇళ్ళకు తెలుగు ప్రసారాలు అక్కడి నుంచే అందేవి. అంతకు ముందు, కార్పొరేషను వారి ప్రసారాల రోజుల్లో, రేడియో కొనలేనివాళ్ళు సాయంత్రం మెరీనాకు వెళ్ళి లౌడుస్పీకరు దగ్గర కూర్చుని పాటలు వినేవారు.

ఇవన్నీ తలచుకుంటే ఆ రోజులే బాగున్నాయని అనిపిస్తుంది. కాని అన్నీ బాగుండేవని అనుకోకండి. మనిషి కూర్చుంటే మనిషే లాగే రిక్షాలు ఆ వీధుల్లోనే తిరిగేవి. తమిళనాడు ప్రభుత్వం వాటిని 1973లో గాని రద్దు చేయలేదు. 1942 ఏప్రిల్‌లో జపాను వారు దాడి చేస్తారన్న భయంతో వేలాది కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని పల్లెలకు తరలిపోయాయి. ఆ కష్టాలు కూడా జ్ఞాపకాల్లో భాగమే.

1953 సంవత్సరం మరచిపోరానిది. ఏప్రిల్‌లో ట్రాములు ఆగిపోయాయి. పొట్టి శ్రీరాములుగారు మైలాపూరులో 58 రోజులు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణాలు విడిచారు. ఆ త్యాగ ఫలితంగా 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాజధాని కర్నూలుకు వెళ్ళింది. మదరాసు అవతలే ఉండిపోయింది. కాని అక్కడి తెలుగువాళ్ళు ఎక్కడికి వెళతారు? వ్యాపారం, ఉద్యోగం, ఇల్లు అన్నీ అక్కడే. లక్షల మంది ఉండిపోయారు. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ రెండింటినీ తమవే అనుకున్నారు.

తరువాత మూర్ మార్కెట్టు 1985లో కాలిపోయింది. కొత్వాల్ చావడి అంగడి 1996లో కోయంబేడుకు తరలింది. అదే సంవత్సరం మదరాసు పేరు చెన్నై అయింది. 2006లో తమిళనాడు బడుల్లో పదో తరగతి వరకు తమిళం దశలవారీగా తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఉంటున్న చోటి భాష నేర్చుకోవడం మంచిదే, అవసరం కూడా. అయితే దానితోపాటు ఇంటి భాషలో రాయడం నేర్పే బాధ్యత ఇప్పుడు చాలావరకు ఇంటి మీదే పడింది.

హోసూరులో ఉన్నా, బళ్ళారిలో ఉన్నా, బరంపురంలో ఉన్నా మన పరిస్థితి ఇంచుమించు ఇదే కదా! తెలుగు మాట్లాడే పిల్లలు ఉన్నారు, చదవగలిగేవాళ్ళు తగ్గుతున్నారు. అందుకని ఒక చిన్న పని చేయండి. ఈ ఆదివారం మీ ఇంట్లో అవ్వనో తాతనో కూర్చోబెట్టి, మీ ఊరి పాత బజారు ఎలా ఉండేదో, బియ్యం ఏ కొలతతో అమ్మేవారో, ఏ బండి ఎక్కి ఎక్కడికి వెళ్ళేవారో అడగండి. వాళ్ళు చెప్పింది మీ పిల్లల చేత తెలుగులో రాయించండి. తప్పులు వస్తే రానివ్వండి. మీ ఊరి చరిత్ర కొంత నిలుస్తుంది, పిల్లలకు అక్షరాలూ వస్తాయి.