సౌదీ నుంచి కబురు

ఉత్తర తెలంగాణ పల్లెల్లో గల్ఫ్‌లోని ఏ దేశానికి వెళ్లినా "దుబాయి పోయిండు" అనే అంటారు. అలా వెళ్లినవారిలో చాలామంది చేరిన చోటు సౌదీ అరేబియా. 1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగాక ఆ దేశంలో రోడ్లు, రేవులు, కర్మాగారాల నిర్మాణం ఊపందుకుంది. జుబైల్, యాన్బు పారిశ్రామిక నగరాల కోసం 1975లో ప్రత్యేక కమిషన్ ఏర్పడింది. ఆ పనులకు కావలసిన కూలీలు కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి కూడా వెళ్లారు. కూలి వీసాపై వెళ్లినవారికి భార్యాబిడ్డలను వెంట తీసుకెళ్లే వీలు లేదు. వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్, ఒప్పుకుంటేనే చుట్టీ (ఇంటికి వచ్చే సెలవు) దొరికేది. రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి వచ్చే భర్త క్షేమం తెలుసుకోవడమే ఇంటి దగ్గర ఉన్న భార్యకు నిత్యం ఉండే చింత.

తొలి రోజుల్లో ఉత్తరమే ఆధారం. సౌదీలో ఇంటింటికీ టపా పంచే పద్ధతి లేనందున జాబులన్నీ కంపెనీ పోస్టు బాక్సు నంబరుకే చేరేవి. అక్కడి నుంచి క్యాంపుకు ఎవరైనా తెచ్చి ఇవ్వాలి. ఒక జాబుకు బదులు రావడానికి వారాలు పట్టేది. చదువురాని ఇల్లాలికి పోస్ట్‌మన్ గానీ, బడిపంతులు గానీ చదివి వినిపించేవారు. భర్తతో చెప్పుకోవలసిన మాట మూడో మనిషి చేత రాయించాలి కాబట్టి అసలు సంగతులు కాగితం మీదికి వచ్చేవి కావు. "ఇక్కడ అందరం క్షేమం" అన్న వాక్యం వెనుక అప్పులవాడి ఒత్తిడి, అత్తింటి పోరు, బిడ్డ జ్వరం అన్నీ దాగేవి.

ఈ ఇబ్బందిని కొంత తీర్చింది క్యాసెట్. చుట్టీ మీద వచ్చినవారు టేప్ రికార్డర్ తెచ్చేవారు. రాత్రి పిల్లలు పడుకున్నాక భార్యలు దాని ముందు కూర్చొని మాట్లాడి, ఆ క్యాసెట్‌ను తిరిగి వెళ్లేవారి చేతికి ఇచ్చేవారు. తండ్రి చూడని బిడ్డ ఏడుపు, ముసలి తల్లి దగ్గు కూడా అందులోనే సౌదీకి చేరేవి.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. దానిపై మొదలైన యుద్ధంలో 1991 జనవరి, ఫిబ్రవరి నెలల్లో సౌదీలోని రియాద్, దహ్రాన్ నగరాలపై ఇరాక్ స్కడ్ క్షిపణులు పడ్డాయి. కూలికి వెళ్లినవారి ఇళ్లు ఆ రోజుల్లో యుద్ధానికి వెళ్లిన సైనికుల ఇళ్ల మాదిరిగానే రేడియో వార్తల చుట్టూ మూగాయి. అయితే ఒక ముఖ్యమైన తేడా ఉంది. సైనికుడికి ఏమైనా జరిగితే ఇంటికి తెలియజేయడానికి రెజిమెంట్ రికార్డు ఆఫీసు ఉంటుంది. కూలి భార్యకు అలా కబురు పంపే కార్యాలయం లేదు.

తర్వాత ఎస్టీడీ బూత్‌లు వచ్చాయి. ఫోను లేని ఇంటివారు పొరుగింటి నంబరును "పీపీ" అని రాసి పంపేవారు. శుక్రవారం సౌదీలో సెలవు కాబట్టి ఆ రోజు పొరుగింటి అరుగు మీద ఆడవాళ్లు వంతు కోసం ఎదురుచూసేవారు. బూత్ నుంచి చేస్తే ఎర్ర అంకెల మీటరు పెరుగుతుంటే చెప్పదలచింది సగంలోనే ఆగేది. 2000 తర్వాత మొబైల్, ఆపైన వాట్సాప్, ఐమో వీడియో కాల్ రావడంతో రోజూ ముఖం చూసుకునే వీలు కలిగింది.

అయినా ఎదురుచూపు తీరలేదు. ఎడారిలో గొర్రెలు, ఒంటెలు కాసేవారికి సిగ్నలే దొరకని చోట్లున్నాయి. కఫీల్ "హురూబ్" పెడితే, అంటే పారిపోయాడని ఫిర్యాదు చేస్తే, మనిషి దాక్కొని బతకాలి. 2016లో జీతాలు ఆగి వేలాదిమంది భారతీయ కార్మికులు సౌదీలో తిండికి కూడా ఇబ్బంది పడ్డారు. 2021 మార్చిలో కఫీల్ అనుమతి లేకుండా దేశం విడిచే వీలు కల్పించిన సంస్కరణ ఇంటి పనివారికి, డ్రైవర్లకు, గొర్రెల కాపరులకు వర్తించలేదు.

మరణవార్త తోటి కార్మికుడి ఫోను ద్వారానే ముందు తెలియడం మామూలు. భౌతికకాయం శంషాబాద్ విమానాశ్రయం చేరాలంటే ఆసుపత్రి, పోలీసు పత్రాలు, రాయబార కార్యాలయం అనుమతి, వారసుల సంతకంతో అధికార పత్రం కావాలి. దుఃఖంలో ఉన్న భార్యే ఆ కాగితాల కోసం తిరగాలి. ఇలాంటి ఇబ్బందులు చెప్పుకోవడానికి కేంద్రం 2015లో "మదద్" ఫిర్యాదు వేదికను ప్రారంభించింది. గల్ఫ్‌లో మరణించినవారి కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయానికి తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వులిచ్చింది.

ఏ సాయం అడగాలన్నా మొదట కావలసింది మనిషి వివరాలు. సౌదీకి బయలుదేరే ప్రతి ఒక్కరూ పాస్‌పోర్ట్, వీసా నకళ్లు ఇంట్లో ఉంచి వెళ్లాలి. అక్కడ చేరిన వెంటనే ఇకామా (నివాస అనుమతి) నంబరు, కఫీల్ పేరు, ఫోను నంబరు భార్యకు పంపాలి.