గోలకొండకు సముద్రద్వారము - బందరు

నేడు దూరదేశములనుండి హైదరాబాదునకు విమానముల వచ్చువారు శంషాబాదున దిగుచున్నారు. 2008వ సంవత్సరమున తెరవబడిన యా విమానాశ్రయమునుండి నగరమును చుట్టివచ్చు వలయరహదారి పట్టి తూర్పుగా పోయినచో పెద్ద అంబర్‌పేట యొద్ద మచిలీపట్టణము బాట తగులును. ఆ సమీపముననే హయత్‌నగరము కలదు. అబ్దుల్లా కుతుబ్‌షాహి తల్లియగు హయాత్‌బక్షీ బేగము పేరిట వెలసిన యీ యూర ఒక మసీదును, దానిని చుట్టి బాటసారుల సరాయియు నున్నవి. ఒకప్పుడీ రాజధానికి పరదేశద్వారము శంషాబాదు గాదు. ఈ బాట చివర రెండువందల మైళ్లకు పైబడిన దూరమున నున్న బందరు.

ఆ ద్వారమున దిగినవారిలో ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే యొకడు. ఆతడు 1652వ సంవత్సరమున పారసీక తీరమున గోలకొండ సుల్తానుగారి యోడ నెక్కి బందరు చేరెను. ఓడ రాజుదే యగుట గమనింపదగినది. ఒడ్డున నాతనికి గొప్ప కట్టడము లేవియు గానరాలేదు. ఇండ్లు కొయ్యతో గట్టినవి. అయినను బంగాళాఖాతమున ఓడలు నిలుచుటకు దీనికి మించిన తావు లేదనియు, ఇచ్చటనుండి పెగు, సయాము, అరకాను, సుమత్రా, మనిలా, హొర్ముజు, మక్కాలకు ఓడలు పోవుచున్నవనియు వ్రాసెను. అప్పటికి డచ్చివారి కోఠీ 1605 నుండియు, ఆంగ్లేయుల కోఠీ 1611 నుండియు నచ్చట నుండెను. ఫ్రెంచివారు 1669లో వచ్చిరి. వీరందఱును కోరివచ్చినవి చిరివేరు ఎఱుపుతో నద్దిన కలంకారి వస్త్రములు, నీలిమందు, కొల్లూరు గనుల వజ్రములు.

తావెర్నియే ఒడ్డు దిగి నేరుగ రాజధానికి బోలేదు. గండికోటకు బోయి ముందుగా మీర్‌జుమ్లాను దర్శించెను. ఆ మంత్రి యనుమతి లేనిదే సుల్తాను విలువగల రత్నములను కొనడని యాతనికి దెలియును. సరుకు దిగినది బందరున. బేరము తెగవలసినది గండికోటలోను గోలకొండలోను. ఈ రేవు స్వరూపమంతయు ఇందు ఇమిడియున్నది.

రేవు పూడిపోవుటచే బందరు చెడెనని సామాన్యముగ జెప్పుదురు. ఈ మాట యసత్యము గాదు గాని, పూర్ణసత్యమును గాదు. బందరు ఏనాడును లోతైన రేవు గాదు. ఉచ్చస్థితిలో సైతము పెద్దయోడలు తీరమునకు దూరముగ లంగరు వేయుటయు, మనుష్యులును సరుకులును చిన్నపడవలపై గట్టు చేరుటయు ఆచారము. మెరక యప్పుడును గలదు, వర్తకమును గలదు. కావున క్షయమునకు మూలమును ఇసుకలో మాత్రమే వెదకుట తగదు.

ఆంగ్లేయులు 1639లో చెన్నపట్టణమున స్థలము సంపాదించి, 1641లో తమ కోరమండల ముఖ్యస్థానమును అచ్చటికి మార్చుకొనిరి. 1687లో గోలకొండ మొగలుల వశమై తానాషా చెఱపట్టబడెను. రాజుతోడనే రాజు ఓడలును, రత్నములు కొను ఆస్థానమును పోయినవి. 1759వ సంవత్సరము ఏప్రిలు నెలలో కర్నలు ఫోర్డు ఫ్రెంచివారినుండి కోటను పట్టుకొనునాటికి, ఆ పోరు సరుకులకై గాక సర్కారు జిల్లాల దొరతనమునకై జరిగినది. తుదకు 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి తుపానున ఉప్పెన వచ్చి సుమారు 30,000 మందిని బలిగొన్నది. అప్పటికే బలహీనమైయున్న పట్టణమునకు అది దెబ్బమీద దెబ్బ. 1933లో విశాఖపట్టణమున లోతైన రేవు తెరవబడుటతో పెద్దయోడలకు తెలుగుతీరమున వేఱొక ఆశ్రయము దొరకెను.

నేడు బందరున నొకదినము తిరిగి చూచువారికి కోటలోని ఆయుధాగారపు శిథిలములును, బిరుదచిహ్నములు చెక్కిన డచ్చివారి సమాధులును కనబడును. వర్తకమునకై వచ్చి మరల ఓడ నెక్కనివారి పేళ్లు ఆ రాళ్లపై నున్నవి. వారికి వస్త్రముల నద్దినవారి పేళ్లు ఏ రాతిమీదను లేవు; వారి విద్య మాత్రము పెడనలో నేటికిని జీవించియున్నది.

2023లో బందరునకు క్రొత్తరేవు పనులు ఆరంభమైనవి. సముద్రమును లోతుచేయుట మేలే. కాని నాడు రేవును పోషించినది లోతు గాదు. వెనుకనున్న సీమ, దానిని రేవుతో గలుపు బాట, ఆ సీమ చేతిపని. హయత్‌నగరపు సరాయియు, బందరు సమాధులును ఒకే కథకు రెండు కొనలు. వానిలో నేది శిథిలమైనను రెండవదాని యర్థము సగము నశించును.