మయూర్ విహార్‌లో పసిపిల్లల్ని ఎవరు చూస్తున్నారు? శిశు సంరక్షణ ఖర్చు, లభ్యతపై ఒక పరిశీలన

ఢిల్లీలో ఉద్యోగం చేసే తల్లికి చట్టం ఇచ్చిన క్రెష్ (పసిపిల్లల సంరక్షణ కేంద్రం) హక్కు ఆమె ఆఫీసుకు ముడిపడి ఉంది. ఆమె బిడ్డ ఉండేది ఇంట్లో. యమునకు తూర్పున ఉన్న మయూర్ విహార్‌లో ఇల్లు, యమున దాటి కన్నాట్ ప్లేస్‌లోనో, హర్యానాలోని గురుగ్రామ్‌లోనో కొలువు ఉన్న కుటుంబానికి ఆ హక్కు కాగితం మీదే మిగిలిపోతుంది. శిశు సంరక్షణ బాధ్యతను యజమానికి అప్పగించి, పిల్లలు నిజంగా ఉండే పేటను వదిలెయ్యడం మన విధానంలోని మూలలోపమని, ఆ లోపం ఖరీదును చివరికి కట్టేది అందరికన్నా తక్కువ సంపాదించే ఆడవాళ్లేనని ఈ వ్యాసం వాదిస్తుంది.

పేట, కొలువు

ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ కట్టిన ఫ్లాట్లు, సహకార గృహనిర్మాణ సంఘాల అపార్టుమెంట్లు కలిసి మయూర్ విహార్ అయ్యాయి. పత్రికల వాళ్ల సమాచార్ అపార్ట్‌మెంట్స్ లాంటివి ఉద్యోగ వర్గాలు కూడబలుక్కుని కట్టుకున్నవి. దక్షిణాది కుటుంబాలు ఇక్కడ చాలాకాలంగా స్థిరపడ్డాయి. ఉత్తర గురువాయూరప్పన్ గుడి అందుకు గుర్తు. పక్కనే చిల్లా గ్రామం, ఎమర్జెన్సీ రోజుల్లో నగరం నడిబొడ్డు నుంచి ఖాళీ చేయించిన వాళ్లకు పునరావాసంగా ఇచ్చిన త్రిలోక్‌పురి, కల్యాణ్‌పురి. ఫ్లాట్లలో వంట చేసే, అంట్లు తోమే, పిల్లల్ని ఆడించే ఆడవాళ్లు ఎక్కువగా వచ్చేది ఈ బస్తీల నుంచే. శిశు సంరక్షణ సంగతి మాట్లాడాలంటే ఈ రెండు వైపులనూ ఒకేసారి చూడాలి. ఫ్లాట్లో తల్లి సమస్య తీరే తీరులోనే బస్తీలో తల్లి సమస్య మొదలవుతుంది.

2009 నవంబరులో మెట్రో బ్లూ లైన్ ఇక్కడికి వచ్చింది. 2018 చివరికి పింక్ లైన్ కూడా చేరింది. దాంతో దూరపు కొలువులు ఆడవాళ్లకు అందుబాటులోకి వచ్చాయి. కానీ ఆరు నెలల పిల్లను, పాలసీసాలు, మార్చే బట్టలు సర్దిన సంచీని వేసుకుని పొద్దున తొమ్మిదింటికి ఆ రైలెక్కడం సాధ్యం కాదు. మహిళల బోగీలోనూ ఆ వేళకు కాలు మోపే చోటుండదు.

చట్టం ఎవరిని లెక్కలోకి తీసుకుంది

2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం వేతనంతో కూడిన సెలవును 26 వారాలకు పెంచింది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ ఏర్పాటు చేయాలంది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకునే వీలు కల్పించింది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి కూడా అదే 50 అంకెను నిలుపుకుంది. 2025 దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 30 మందికి మించి మహిళా కార్మికులుంటే క్రెష్ ఉండాలనేది. భవన నిర్మాణ కార్మికుల 1996 చట్టంలో ఆ గీత 50 మంది మహిళల దగ్గర ఉండేది. ఒకే స్థలంలో నలుగురు ఉప కాంట్రాక్టర్ల కింద పేర్లు చెదిరిపోతే ఏ ఒక్కరి దగ్గరా ఆ సంఖ్య చేరేది కాదు.

ఈ గీతల కింద మిగిలిపోయేది ఎవరు? నోయిడాలో పదిహేను మందితో నడిచే చిన్న కంపెనీలో అకౌంటెంటు, లక్ష్మీనగర్ కోచింగ్ సెంటర్లో టీచరు, దుకాణంలో సేల్స్‌గర్ల్, ఇళ్లలో పనిచేసే మనిషి. 50 దాటిన సంస్థలో పనిచేసే తల్లికైనా ఆ క్రెష్ గంట ప్రయాణం అవతల ఉంటే నాలుగు సందర్శనల హక్కుతో ఒరిగేదేమీ లేదు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు, క్రెష్ పనిచోటికి గానీ నివాసానికి గానీ అర కిలోమీటరు లోపల ఉండాలన్నాయి. నివాసానికి దగ్గరగా పెట్టే పని ఎవరిదో మాత్రం ఏ చట్టమూ తేల్చలేదు. ఢిల్లీ మాస్టర్ ప్లాన్-2021 నివాస ప్రాంతాల్లో నర్సరీ బడులతో పాటు క్రెష్‌ను కూడా షరతులతో అనుమతించింది. అనుమతి వేరు, ఏర్పాటు వేరు. పార్కుకు, పాలబూత్‌కు ప్రణాళికలో చోటు కేటాయించే నగరం పసిపిల్లల గదికి కూడా అలాగే చోటు కేటాయించాలి.

ఒకే మెట్ల దారిలో ఎదురెదురు ఫ్లాట్ల మధ్య కూడా అంతరం ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిని అయితే సర్వీసు మొత్తంలో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు దొరుకుతుంది. ఒంటరి తండ్రికి కూడా ఇప్పుడు ఆ సెలవుంది. ఎదురింటి ప్రైవేటు ఉద్యోగినికి 26 వారాలు అయిపోతే ఇంకేమీ లేదు. బిడ్డకు అప్పటికి నెలలు నిండా ఆరే.

అమ్మమ్మ వంతు, నానమ్మ వంతు

ఇక్కడి తెలుగు ఇళ్లలో ఆ ఖాళీని నింపేది ముందుగా ఊరి నుంచి వచ్చే పెద్దవాళ్లు. విశాఖ నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్‌లోనో, సికింద్రాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లోనో ఒకరు దిగితే ఇంకొకరు ఎక్కుతారు. "సంక్రాంతి దాకా మా అమ్మ ఉంటుంది, ఆ తర్వాత అత్తయ్యగారు వస్తానన్నారు" అని చెప్పే కోడలి మాటలో ఏడాది సంరక్షణ ప్రణాళిక మొత్తం ఉంది. ఈ ఏర్పాటుకు ఖర్చు లేదనుకుంటాం. మోకాళ్ల నొప్పులతో మూడో అంతస్తు మెట్లెక్కే అమ్మమ్మ, ఊళ్లో ఒంటరిగా వండుకు తింటున్న తాతయ్య, హిందీ రాక పగలంతా మాట కలిపే మనిషి లేని నానమ్మ, ఆమె చలికాలం దగ్గు: ఈ ఖర్చులన్నీ నిజమైనవే. వీటిని ఎవరూ పద్దు రాయరు. పెద్దవాళ్ల ప్రేమను నేను తక్కువ చేయడం లేదు. దాన్ని ప్రభుత్వ విధానానికి బదులుగా వాడుకోవడమే అన్యాయం.

2024 కాల వినియోగ సర్వే ప్రకారం 15 నుంచి 59 ఏళ్ల వయసులో, ఇంట్లోవారి సంరక్షణ పని చేసే స్త్రీలు రోజుకు 140 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. పురుషులు 74 నిమిషాలు. అసలు ఆ పనిలో చెయ్యి పెట్టేవాళ్లే స్త్రీలలో 41 శాతం, పురుషులలో 21.4 శాతం. అరవై దాటిన అమ్మమ్మ ఈ వయోపరిమితికి బయట ఉంటుంది కాబట్టి ఆమె చేసే చాకిరీ ఈ అంకెల్లో లేదు.

పెద్దవాళ్లు రాలేని ఇళ్లకు మిగిలేది ఫ్లాటులో నడిచే డే కేర్, లేదంటే ఆయా. బడి వయసు వస్తే తేలికవుతుందని తల్లిదండ్రులు ఆశపడతారు. మూడేళ్లు నిండాక దొరికే నర్సరీ మధ్యాహ్నానికల్లా వదిలేస్తుంది. అక్కడి నుంచి అమ్మ వచ్చే దాకా ఆరేడు గంటలు మళ్లీ ఎవరో ఒకరు కావాలి. ఢిల్లీలో దీనికి పొగ కూడా తోడైంది. 2023లో గాలి విషమించి చలికాలం సెలవులను నవంబరు 9 నుంచి 18కి ముందుకు జరిపారు. 2024 నవంబరులో తరగతులు ఆన్‌లైన్‌కి మళ్లాయి. ఆ రోజుల్లో ఆఫీసుకు వెళ్లక తప్పని తల్లి, ఐదేళ్ల పిల్లవాడి ముందు ఫోను నిలబెట్టి, పక్కింటి వదినగారికి తాళం ఇచ్చి వెళ్లడం కాలనీల్లో మామూలైపోయింది.

చేతుల ఖరీదు

డే కేర్ ఫీజు ఎక్కువని అందరూ అంటారు. ఎక్కువ ఎందుకో లెక్క వేసి చూద్దాం. 2025 ఏప్రిల్ 1 నుంచి ఢిల్లీలో నైపుణ్యం అక్కర్లేని పనికి నెల కనీస వేతనం 18,456 రూపాయలు, కొద్దిపాటి నైపుణ్యం ఉన్నవారికి 20,371. కేంద్ర మార్గదర్శకాలు మూడేళ్ల లోపు పదిమంది పిల్లలకు ఒక సంరక్షకురాలు చాలంటాయి. పదిమంది పసివాళ్లు ఒకేసారి ఏడిస్తే ఒక మనిషి ఎంతమందిని ఎత్తుకోగలదు? ఐదుగురికి ఒకరని పెట్టుకుందాం. ఆమెకు రెండో రేటు ఇస్తే ఒక్కో బిడ్డకు జీతం వాటా 4,074. క్రెష్ పొద్దున ఎనిమిదికి తెరిచి రాత్రి ఏడింటికి మూస్తేనే మెట్రోలో వచ్చే తల్లికి పనికొస్తుంది. అంటే ఎనిమిది గంటల పనిదినం కాదు, పదకొండు గంటలు. ఓవర్‌టైము రేటు కలపకుండానే ఆ వాటా 5,600 దాటింది. అద్దె, పాలు, అన్నం, కరెంటు, శుభ్రం చేసే మనిషి జీతం ఇందులో ఇంకా కలపలేదు.

కనీస వేతనం తెచ్చుకునే తల్లికి 5,600 అంటే సంపాదనలో 30 శాతం. ఇద్దరు పిల్లలుంటే 60. ఇళ్లలో పనిచేసే మనిషికి ఆ మాత్రం వేతనం కూడా చేతికి రావడం అరుదు. కాబట్టి న్యాయమైన జీతం ఇచ్చే క్రెష్‌ను పేద తల్లి కొనలేదు. ఆమె కొనగలిగే క్రెష్ తన ఆయాకు న్యాయమైన జీతం ఇవ్వలేదు. డే కేర్ నడిపేవాళ్ల దురాశతో పుట్టిన సమస్య కాదిది. బజారు తనంతట తాను దీన్ని తీర్చదు. ఆ తేడాను ఖజానా భరించాలి.

ఖజానా ఇంతవరకు భరించిన తీరు చూడండి. జాతీయ క్రెష్ పథకం కింద 25 మంది పిల్లలున్న కేంద్రంలో కార్యకర్తకు నెలకు 3,000, సహాయకురాలికి 1,500 ఇచ్చారు. తల్లిదండ్రుల దగ్గర తీసుకునేది పేద కుటుంబమైతే 20, నెలకు 12,000 లోపు ఆదాయముంటే 100, ఆపైన 200. తల్లిదండ్రులకు ఇది అందే ధరే. కానీ 3,000కి పగలంతా పాతికమందిని చూడమంటే ఆ పని చేసే స్త్రీయే తన ఒంటి కష్టంతో మిగతా ఖర్చును భరిస్తున్నట్టు లెక్క. ఆ పథకమే 2022 నుంచి పాల్నా పేరుతో మిషన్ శక్తిలో చేరింది. అంగన్‌వాడీలోనే క్రెష్ నడపాలన్న దాని ఆలోచన మంచిది. దాన్ని బలంగా సమర్థిస్తాను, అందులో పనిచేసే చేతులకు తగిన జీతం ఇచ్చినప్పుడు.

ఆ జీతం కోసం అంగన్‌వాడీ ఉద్యోగినులు రోడ్డెక్కాల్సి వస్తోంది. 2022 జనవరి 31న మొదలై ఢిల్లీలో 38 రోజులు సమ్మె నడిచింది. అప్పుడే కార్యకర్త గౌరవ వేతనం 12,720కి, సహాయకురాలిది 6,810కి చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు. రెండుచోట్లా ప్రభుత్వాలు అత్యవసర సేవల నిర్వహణ చట్టం (ఎస్మా) ప్రయోగించాయి. వాళ్ల పని ఆగితే జనజీవనం ఆగుతుందని ప్రభుత్వాలే ఒప్పుకున్నాక, కనీస వేతనం కన్నా తక్కువ ఇవ్వడానికి సమర్థన ఏమీ మిగలదు. వాళ్లకు గ్రాట్యుటీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో తేల్చి చెప్పింది.

కింది మెట్టు

పొద్దున ఏడున్నరకు త్రిలోక్‌పురి వైపు నుంచి అపార్టుమెంట్ల గేట్ల దగ్గరికి వచ్చే ఆడవాళ్లను గమనించండి. రిజిస్టర్లో సంతకం పెట్టి, మెడలో గుర్తింపు కార్డు వేసుకుని లోపలికి పోతారు. కొందరి చంకన పిల్లలుంటారు. కొన్ని ఇళ్లు పిల్లను వెంట తేవద్దంటాయి. అప్పుడు ఆ బిడ్డ బస్తీలో, ఎనిమిదేళ్లో పదేళ్లో ఉన్న అక్క చేతిలో ఉంటుంది. ఆ అక్క పేరు బడి హాజరు పట్టీలో ఉంటుంది. పిల్ల మాత్రం ఇంట్లో తమ్ముడికి పాలు కలుపుతూ ఉంటుంది. ఫ్లాట్లో ఉద్యోగిని తన బిడ్డ సంరక్షణను ఆయాకు అప్పగించింది, ఆయా తన బిడ్డను కూతురికి అప్పగించింది. వరుసలో చివర నిలబడ్డ ఆ చిన్నపిల్ల తన చదువును చెల్లిస్తోంది.

ఢిల్లీకి ఈ విషయం కొత్త కాదు. 1969లో రాజ్‌ఘాట్ దగ్గర గాంధీ శతజయంతి ప్రదర్శన కోసం నిర్మాణాలు జరుగుతున్నప్పుడు, దుమ్ములో ఆడుకుంటున్న కూలీల పిల్లలను చూసి మీరా మహాదేవన్ మొబైల్ క్రెషెస్ సంస్థను మొదలుపెట్టారు. దానికి పదహారేళ్ల ముందే, 1953లో, కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తొలి అధ్యక్షురాలిగా దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్త్రీశిశు సంక్షేమాన్ని ప్రభుత్వ బాధ్యతగా నిలబెట్టారు. ఢిల్లీ తెలుగువాళ్ల పిల్లల కోసం 1948లో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించిందీ ఆవిడే. ఆ సంక్షేమ బోర్డు 2022లో మూతపడింది.

దారి లేదనడానికీ వీల్లేదు. కర్ణాటక 2023లో కూసిన మనె పేరుతో 4,000 గ్రామ పంచాయతీల్లో, ఉపాధి హామీ కూలీల పిల్లల కోసం క్రెష్‌లు తలపెట్టింది. ఉండే ఊరినే ప్రాతిపదికగా తీసుకోవడం అందులోని విశేషం. నగరంలో ఆ పంచాయతీ స్థానంలో వార్డు ఉండాలి. 50 లోపు ఉద్యోగులున్న సంస్థల నుంచి తలకింత చొప్పున చిన్న చందా, పెద్ద సంస్థల నుంచి వాటి క్రెష్ బాధ్యతకు సరిపడా సొమ్ము వసూలు చేసి వార్డు నిధిలో వేయాలి. అంగన్‌వాడీని రాత్రి ఏడు దాకా రెండు షిఫ్టుల్లో నడిపి, కార్యకర్తలకు కనీస వేతనం ఆ నిధిలోంచి పూరించాలి. ఫీజు ఆదాయాన్ని బట్టి ఉండాలి; ఫ్లాట్ల కుటుంబాలు పూర్తి ఖర్చు కట్టవచ్చు, చాలామంది కట్టడానికి సిద్ధమే.

ఇదంతా జరిగేలోపు కాలనీవాసులు చేయగలిగింది ఒకటుంది. చాలా సొసైటీల్లో కమ్యూనిటీ హాలు పెళ్లిళ్లకు, పుట్టినరోజులకు తప్ప పగలు తాళం వేసే ఉంటుంది. రాబోయే సర్వసభ్య సమావేశం ఎజెండాలో పగటి క్రెష్ అంశం పెట్టమని మీ కార్యదర్శిని అడగండి. తీర్మానం రాసేటప్పుడు, మన ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల పిల్లలకూ ఆ గదిలో చోటుండాలన్న వాక్యం అందులో తప్పకుండా చేర్పించండి.